పల్లకిలోంచి కనిపించని చెయ్యి

కళాచరిత్ర రాసేవాళ్ళలో ఒక నమ్మకం బలంగా నాటుకుపోయింది. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో మన దేశం తిరిగిన ప్రభువులు, దొరలు, పెద్ద వర్తకులు రాసుకున్న దినచర్యలే ఆనాటి కళకు కంటిసాక్ష్యమని. కళ్ళారా చూసి రాశారు కాబట్టి నిజమంటారు. నేనొప్పుకోను. చూడటం వేరు, చూసిందేమిటో తెలియడం వేరు.

1510లో అచ్చయిన వర్తేమా యాత్రాగ్రంథం తీసుకోండి. కాలికట్‌లో చూసిన దేవుడి బొమ్మకు నాలుగు కొమ్ములు, పోపు కిరీటం తగిలించి దయ్యమన్నాడు. ఐరోపా చిత్రకారులు ఆ మాటే నమ్మి బొమ్మలు వేశారు. సాక్ష్యమంటే ఇదా?

మా తీరానికి వద్దాం. 1652లో తావెర్నియే మచిలీపట్నం నుంచి చెన్నపట్నానికి నేలదారిన వెళ్ళాడు. రత్నాల వ్యాపారి. ఆ సంపాదనతోనే తర్వాత ఓబోన్ జమీ కొని బారన్ అయ్యాడు. పులికాట్‌లో జనం కడలి ఒడ్డున ఇసుక తవ్వి మంచినీళ్ళు తోడుకోవడం గమనించాడు. కలంతో వేసిన గుడ్డల గురించీ రాశాడు, సరుకుగా. ఆ గుడ్డల ఎరుపు తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరివేరుది. కరక్కాయ, గేదెపాలు కలిపి అందులో ముంచి ఆరేసిన గుడ్డ మీద పటికనీళ్ళతో గీస్తారు. గీసేటప్పుడు గీత సరిగా ఆనదు. చిరివేరుతో ఉడికించాకే, పటిక తగిలినచోట ఎరుపు పుట్టుకొస్తుంది. కనపడని గీతను మనసులో చూసుకుంటూ గీసే విద్య అది. రేవులో మూట విప్పి బేరమాడేవాడికి ఆ చెయ్యి ఎలా కనిపిస్తుంది?

ఉదయగిరి సంగతీ అంతే. గుర్రాల వర్తకుడు నూనిజ్ కృష్ణదేవరాయల ముట్టడి కథ రాశాడు. కోట గెలిచాక రాయలు అక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తెచ్చి 1515లో ప్రతిష్ఠించాడని మనకు రూఢిగా చెప్పింది మాత్రం అక్కడి గుడి శాసనం. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

పరాయివాళ్ళన్న కోపంతో అంటున్న మాట కాదు. 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబరులో మద్రాసు చేరిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర అంటే నాకు ప్రాణం. దారులు, బసలు అంత నిక్కచ్చిగా రాసినవాళ్ళు అరుదు. కానీ ఆయనా పల్లకిలో వెళ్ళినవాడే. ఏ ఊరు ఎప్పుడు చేరాడో ఆ పుస్తకాన్ని అడగొచ్చు, గుడి స్తంభం చెక్కిందెవరో అడగకూడదు.

నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చువేశారు. కొత్తగా పరిశోధనలోకి వచ్చే పిల్లలారా, దొరల దినచర్యల కన్నా ముందు వాటిని తెరవండి. ఆ తర్వాత శ్రీకాళహస్తి వెళ్ళి, కలం పట్టినవాళ్ళ పక్కన నాలుగు రోజులు కూర్చోండి.