వీధికుక్కను చీకట్లోకి తరమకండి!

శ్రీశైలం, సున్నిపెంట వాసులకు, సత్రాల నిర్వాహకులకు, దుకాణదారులకు, జీపులూ ఆటోలూ నడిపే అన్నలకు, మల్లన్న దర్శనానికి వచ్చే యాత్రికులకు మనవి.



సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి అంటారు. మన కొండమీద అది కార్తీకంలోనే మొదలై, శివరాత్రికి గానీ శివశివా అంటూ పోదు. ఆ చలిలో సత్రం వరండాలో ముడుచుకున్న కుక్కను అర్ధరాత్రి కర్రతో అదిలిస్తే అది ఎక్కడికి పోతుంది? చెత్తకుప్ప దగ్గరికి, ఆ వెనకున్న పొదల్లోకి. అక్కడ చిరుత కాచుకుని ఉంటుంది. పాతాళగంగ దారిలో ఇళ్ల ఆవరణలోకి చిరుత దిగడం సీసీ కెమెరాల్లో చూసినవాళ్లమే కదా! చిరుతను తిట్టి లాభం లేదు. దేశంలోకెల్లా పెద్దదైన పులుల అభయారణ్యం నడుమ ఇళ్లు కట్టుకున్నది మనం. కానీ కుక్క కోసం ఒకసారి వీధిలోకి వచ్చిన చిరుత మళ్లీ అదే వీధికి వస్తుంది. ఆ వీధిలో మన పిల్లలూ తిరుగుతారు.

కాబట్టి పెంపుడు కుక్కను రాత్రిళ్లు ఆరుబయట గొలుసుతో కట్టేయకండి. కట్టేసిన కుక్క పారిపోలేదు. తలుపు లోపలికో, గేటు లోపలికో తీసుకోండి. వీధికుక్కలకు పెట్టేదేదో పొద్దు గుంకకముందే పెట్టండి. ఎంగిలాకులు అడవి అంచున పారబోయకండి.

పడకకు పెద్ద ఖర్చేమీ లేదు. రెండు ఇటుకల మీద ఒక పండ్లపెట్టె, గాలి కొట్టని వైపు మూతి, లోపల ఎండు వరిగడ్డి. గోనెపట్ట వేస్తే రోజూ ఎండలో ఆరేయాలి. తడి గోనె మీద పడుకోవడం కంటే ఉత్త నేలే నయం. పాతాళగంగలో మునిగి విడిచిన తడి పంచెలు కప్పి పుణ్యం కట్టుకుందామనుకునే వారికీ ఇదే మాట!

వానలు వెళ్లేవేళ చూలు కట్టిన కుక్కలు రెండు నెలలకు, సరిగ్గా చలి ముదిరేనాటికి ఈనుతాయి. మొదటి రెండు మూడు వారాలు కూనలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. చల్లబడి మూలుగుతున్న కూన కనిపిస్తే జాలిపడి వెంటనే పాలు పట్టేస్తాం. అది ప్రమాదం. చల్లబడిన కూనకు పాలు అరగవు. ముందు పొడిబట్టలో చుట్టి, గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డతో చుట్టి పక్కన పెట్టండి. ఒళ్లు వెచ్చబడ్డాకే పాలు. తల్లి దగ్గర్లో ఉంటే కూనలను దాని నుంచి వేరు చేయకండి.

యాత్రికులారా, ప్రసాదం లడ్డూ కుక్కకు పెట్టకండి. అందులోని ఎండుద్రాక్ష దాని మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఉల్లిపాయలు పడ్డ సాంబారన్నమూ వద్దు. ఉప్పూ కారం లేని అన్నం, ఉడికించిన గుడ్డు, సంగటి ముద్ద ఏదైనా సరే. చలికి ఆకలి ఎక్కువ, కాస్త ఎక్కువే పెట్టండి.

డ్రైవరన్నలూ, ఇంజను వేడికి కుక్కలు బండి కింద దూరతాయి. స్టార్ట్ చేసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, కిందికి ఒకసారి తొంగి చూడండి.

ఇక టీకాలు. కూనలను గుంపులు గుంపులుగా తీసుకుపోయే పార్వో, డిస్టెంపర్ వైరస్‌లు చల్లదనంలో ఎక్కువ కాలం బతుకుతాయి. డిస్టెంపర్ కుక్కతో ఆగదు. 2018లో గుజరాత్‌ గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోతే, వాటిలో కొన్నింటికి ఈ జబ్బే ఉన్నట్టు తేలింది. మన వీధికుక్కకూ నల్లమల పులికీ మధ్య గోడేమీ లేదు. రేబిస్ సంగతి సరేసరి. కరిస్తే పసుపూ కారం పూయకుండా, పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పోసిన నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఏటా జులై 6న పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అప్పటిదాకా ఆగవద్దు. సంక్రాంతి బ్రహ్మోత్సవాల రద్దీ మొదలయ్యేలోపే ప్రతి వీధి కుక్కలకూ టీకాలు పడాలి. ఒక్కో సత్రం పది కుక్కల టీకా ఖర్చు భరిస్తే, మందు దొరకలేదన్న మాట రాదు. కుక్కలు మచ్చికైన మనిషి చేతికే చిక్కుతాయి. అందుకని వాటికి రోజూ అన్నం పెట్టేవాళ్లు టీకాలు వేసేటప్పుడు పశువైద్యుడి పక్కన ఉండాలి. మీ వీధి నుంచి ఎవరు వస్తారో ఈ వారంలోనే తేల్చుకోండి.

ఇట్లు
శ్రీశైలం, సున్నిపెంట వాసులు కొందరు