పుట్టింటి దారిలో తొలి మోటారు బండి

పాత మోటారు బండ్లను పాడియావులవలె ముద్దుగ సాకుకొను సంఘములు ఐరోపాఖండమున పెక్కు గలవు. జర్మనీ దేశమున 1900 సంవత్సరమున స్థాపింపబడిన ష్నాఉఫెర్ల్ క్లబ్బు అట్టివానిలో నొకటి. రొప్పుచు రోజుచు సాగిపోవు ముసలిబండికి అచటివారు పెట్టుకొన్న ముద్దుపేరే ష్నాఉఫెర్ల్. ఇట్టి సంఘములవారు తాతలనాటి బండ్లను తుడిచి, నూనె పోసి, ఆ కాలపు టోపీలను దుస్తులను ధరించి, బారులుతీరి పల్లెపట్టులగుండ విహరింతురు. వారు జరుపుచువచ్చిన యాత్రలలో మన స్త్రీలు తప్పక తెలిసికొనదగినది యొకటి గలదు. అది బెర్తా బెంజ్ యాత్ర. మాన్‌హైమ్ నగరమున బయలుదేరి ఫోర్ట్స్‌హైమ్ నగరము చేరి, వేరొక దారిని మరల మాన్‌హైమ్ చేరుట దాని క్రమము. ఈ దారిని మోటారు బండికి మొదట చూపినది సంఘమును గాదు, సర్కారును గాదు. పుట్టింటికి బయలుదేరిన యొక యిల్లాలు.

బెర్తా 1849లో ఫోర్ట్స్‌హైమునందు జన్మించెను. ఆమె భర్తయగు కార్ల్ బెంజ్ గుఱ్ఱము లేక నడచు మూడు చక్రముల బండిని నిర్మించి, 1886 జనవరి 29వ తేదీన దానికి పేటెంటు కోరెను. పేటెంటు వచ్చినది గాని కొనువారు రాలేదు. గుఱ్ఱము లేని బండిని జూచి జనులు నవ్విరి, కొందఱు బెదరిరి. కార్ల్ బెంజ్ గొప్ప పనివాడేగాని బండిని నలుగురిలో చూపి అమ్ముకొను నేర్పు గలవాడు గాడు. ఇంకను సరిచేయవలెను, ఇంకను మెఱుగుపెట్టవలెనని కొట్టముననే నిలుపుకొనుచుండెను. వంట రుచిగ కుదిరినదో లేదో యని మూత తీయక కూర్చున్నచో అతిథుల యాకలి తీరదుగదా! బెర్తా ఆ మూత తీసినది.

1888 ఆగస్టు మాసమున నొకనాటి వేకువను, భర్త నిదుర లేవకమునుపే, ఆమె తన కుమారులగు ఆయిగెనును రిచర్డును వెంటగొని బండిని వీథిలోనికి దింపినది. పెద్దవానికి పదునైదేండ్లు, చిన్నవానికి పదుమూడు. ఆమెకు ముప్పదితొమ్మిది. అమ్మను చూచివచ్చెదమని చీటివ్రాసియుంచి కదలినది. అంతకుముందు మోటారు బండ్లు పెరటిలోను వీథిలోను కొంతదూరము తిరిగివచ్చినవే. ఈమె తలపెట్టిన దూరము నూరు కిలోమీటరులకు పైమాట.

ఆమె నడచిన దారికి 2008లో అధికారికముగ బెర్తా బెంజ్ స్మారకమార్గమని పేరిడి, పొడవునను గుఱుతుపలకలు నాటించిరి. పోకయు రాకయు గలిపి 194 కిలోమీటరులు. మేము పటము పఱచుకొని, ఆ సీమల చిత్రములను ప్రక్కన నుంచుకొని, వ్రేలితో ఈ దారి వెంబడి పలుమారులు నడచితిమి. మీరును మాతో రండు.

మాన్‌హైము విడిచినంతనే నెకర్ నది యొడ్డున లాడెన్‌బుర్గ్ అను ప్రాచీన పట్టణము వచ్చును. ఇరుకు వీథులు, ఎఱ్ఱపెంకుల యిండ్లు. ఆ మీదట హైడెల్‌బెర్గ్. అచట కొండవాలున శిథిలమైన యెఱ్ఱరాతి కోటయు, క్రింద నదిపై వంతెనయు, ఒడ్డున విద్యాపీఠపు వీథులును గన్నులపండువగ నుండును. నేటి యాత్రికులు బండ్లు నిలిపి ఛాయాచిత్రములు తీసికొందురు. ఆ తల్లికి మాత్రము సొగసు చూచు తీరిక లేదు. ఆ బండికి వేరుగ నూనెతొట్టి లేదు. యంత్రమునందే నాలుగున్నర లీటరులు పట్టును, అంతే. చల్లబఱచు నీరు ఆవిరియై పోవుచుండును. కనుక ప్రతి బావికడను వాగుకడను ఆగి నీరు పోసికొనవలసినదే. ఎండదినమున చంటిబిడ్డతో ప్రయాణము చేసిన మనకు ఈ యవస్థ వేఱుగ చెప్పనక్కఱలేదు.

హైడెల్‌బెర్గునకు దక్షిణమున వీస్‌లోఖ్ అను నూరు గలదు. అచట నూనె నిండుకొన్నది. ఆ కాలమున పెట్రోలు బంకులు ఎక్కడివి? బట్టలమీది జిడ్డుమరకలు పోగొట్టుటకు మందులయంగళ్లలో నమ్ము లిగ్రోయిన్ అను ద్రవముతోనే ఆ యంత్రము నడచును. ఆమె మందులయంగడికి బోయి, ఉన్నదంతయు నిమ్మని కొనిపోసినది. లోకమున తొలి పెట్రోలు బంకు అదియే యని నేడు ఆ యంగడిని చూపుదురు. దాని యెదుట స్మారకశిల్పమును నిలిపియున్నారు. మోటారు సంఘముల యాత్రికులకు అది తీర్థస్థలమువంటిది.

అచటినుండి క్రైష్‌గౌ అను మెట్టసీమ మొదలగును. అల్లనల్లన లేచి పడు గుట్టలు, వానివాలున ద్రాక్షతోటలు, పంటచేలు, నడుమ నడుమ ప్రార్థనామందిరపు శిఖరము తలయెత్తి చూచు పల్లెలు. బ్రుఖ్‌జాల్ పట్టణమున పెద్ద రాజభవనము గలదు. యాత్రికులకది భవనపుటూరు. బెర్తాకు అది కమ్మరి యూరు. సాగిపోయిన గొలుసును కమ్మరిచే బాగుచేయించుకొని ముందునకు సాగినది. నూనె వచ్చు గొట్టము పూడుకొనిపోగా టోపీకి గ్రుచ్చుకొను పొడవాటి సూదిని దీసి పొడిచి శుభ్రపఱచినది. తీగమీది పొర యరిగి నిప్పురవ్వ సరిగ రాకుండగా, మేజోడు జాఱకుండ కట్టుకొను పట్టీని విప్పి తీగకు చుట్టినది. ఎక్కుడులలో బండి మొరాయించగా పిల్లలు దిగి త్రోసిరి. దిగుడులలో కొయ్య బ్రేకులరిగిపోగా చెప్పులు కుట్టువానిని పిలిచి వానికి తోలు తొడిగించినది. అట్లు నల్లడవి యను ప్రసిద్ధారణ్యమునకు ఉత్తరద్వారమైన ఫోర్ట్స్‌హైమును చీకటిపడువేళకు చేరి, క్షేమముగ చేరితిమని భర్తకు తంతి పంపినది.

ఈ సూదికథను పట్టీకథను జెప్పి నవ్వుకొనువారు గలరు. ఆడువారి చిట్కాలని తేలిక చేయువారును గలరు. సోదరీమణులారా, నిదానించి చూడుడు. గొట్టమెచట పూడినదో తెలియనిది సూది యెందులకు పనికివచ్చును? తీగకు పొర యేల కావలెనో తెలియనిది పట్టీని విప్పుట తోచునా? ఆమె భర్త పనిచేయుచుండగా ప్రక్కన నిలిచి చూచినది, అడిగినది, నేర్చినది. చేతికందినది సూది. పనిచేసినది జ్ఞానము. ఇల్లు చేరిన పిమ్మట, కొండలెక్కుటకు తక్కువ వేగపు పండ్లచక్రము మఱొకటి కావలెనని భర్తకు సూచించినదియు నామెయే. ఆ యొక్క దినపు ప్రయాణము పేటెంటు కాగితము చేయలేని పనిని జేసినది. గుఱ్ఱము లేని బండి ఊరు దాటి ఊరు పోగలదని జనులు కన్నులార చూచిరి.

ఇంకొక సంగతి. ఆ బండి యామె సొమ్ముపై నిలిచినది. 1871లో కార్ల్ బెంజ్ కార్ఖానా భాగస్వామితో పొసగక మునుగుచుండగా, పెండ్లికి ముందే బెర్తా తన కట్నపు ధనమును దెప్పించి ఆ భాగమును కొనిపించినది. 1872లో వివాహమైనది. వివాహమైనంతనే, ఆనాటి జర్మనుచట్టముచే, తన ధనముతో తన పేర వ్యాపారము నడుపుకొను స్వాతంత్ర్యము ఆమెకు పోయినది. ధనమామెది, సాహసమామెది. కాగితముపై పేరు మాత్రము ఆమెది కాదు. భర్త కృతఘ్నుడు గాడు. 1925లో వెలువడిన తన జీవితకథలో భార్య ధైర్యమును మనసార కొనియాడెను. కాని కొనియాడుట వేరు, హక్కు వేరు. అమెరికాలోని మోటారు ప్రముఖుల గౌరవమందిరమున కార్ల్ బెంజ్ పేరు 1984లో చేరినది. బెర్తా పేరు చేరినది 2016లో. నడుమ ముప్పదిరెండేండ్లు! ఆమె 1944 మే 5వ తేదీన, తొంబదియైదేండ్లు నిండిన రెండవనాడు, తాను 1888లో దాటిపోయిన లాడెన్‌బుర్గుననే కన్నుమూసెను.

దేవాసురయుద్ధమున దశరథుని రథమునకు సీల యూడగా కైకేయి తన వ్రేలిని దూర్చి రథమును నిలిపెనని మన పెద్దలు చెప్పుదురు. ఆమెకు రెండు వరములు దక్కినవి. వానిని అడిగిన తీరువలన అపకీర్తియు దక్కినది. లోకము ఆ యపకీర్తిని పదిలముగ దాచుకొని వ్రేలి సంగతి మఱచినది. బెర్తాకు అపకీర్తి లేదు, వరములును లేవు. ఇన్నాళ్లకు దారికి పేరు వచ్చినది. రథము నిలిపినవారి వ్రేళ్లను జ్ఞాపకముంచుకొనుట అవసరమని మా యభిప్రాయము.

మనలో నేడు పెక్కుమంది యిండ్ల కారులున్నవి. నలుగురైదుగురు కుటుంబములవారు కూడి అరకులోయకో, శ్రీశైలపు ఘాటుదారికో వరుసగ పోవుటయు వాడుకైనది. అట్టి ప్రయాణములలో చక్రము పట్టువారెవ్వరు, వెనుక కూర్చుండి పులిహోరడబ్బాలు మోయువారెవ్వరు? సౌదీ అరేబియాలో స్త్రీలు బండి నడుపరాదను నిషేధము 2018 జూన్ 24వ తేదీన గాని తొలగలేదు. బెర్తా ప్రయాణము చేసిన నూటముప్పదేండ్లకు! మనకు చట్టపు అడ్డు లేదు. 1988 నాటి మన మోటారు వాహనముల చట్టము లైసెన్సునకు స్త్రీపురుషభేదము చూపదు. అడ్డు భయమో, అలవాటో, "ఎందుకు లెమ్మ"ను మాటయో మాత్రమే.

మఱొక ప్రశ్న. మన గాజులో గొలుసో తాకట్టుపెట్టి కొన్న బండి యెవరి పేర నున్నది? చట్టము దృష్టిలో రిజిస్ట్రేషను పత్రముపై నెవరి పేరున్న వారే సాధారణముగ యజమాని. స్త్రీధనమును గూర్చి మన ధర్మశాస్త్రములు ఏనాడో చెప్పినవి. 1956 నాటి హిందూ వారసత్వచట్టము స్త్రీకి దక్కిన యాస్తిపై ఆమెకు పూర్ణాధికారమిచ్చినది. ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణయు, దేశమంతట 2005 నాటి సవరణయు ఉమ్మడియాస్తిలో కూతునకు కుమారునితో సమభాగము కల్పించినవి. బెర్తాకు లేని రక్షణ మనకున్నది. ఉన్నదానిని పెట్టెలో పెట్టి తాళమువేసికొన్నచో అది చట్టము తప్పు గాదు.

కావున ఈ సంక్రాంతికి పుట్టింటికి బోవునపుడు మగవారితో తగవులాడవలెనని మేము చెప్పము. బండి ముందుమూత తెఱపించి, నీరెచట పోయుదురో, నూనె యెట్లు చూతురో, చక్రము మార్చుట యెట్లో అడిగి తెలిసికొనుడు. నేర్చినవారు ఊరి పొలిమేర దాటినదాక నైనను చక్రము పట్టుడు. పత్రముల సంచి యొకమారు విప్పి పేరు చదువుడు. టోపీసూది మనకు లేకున్నను, అంతకంటె పదునైన పిన్నీసులు మన కొంగున ఎల్లప్పుడు నుండనే యున్నవి.