ఏ అనుభవము వ్రాయవలెను?

అమెరికాలో వైద్యవిద్య నభ్యసింపగోరు విద్యార్థికి మార్కులు మాత్రమే చాలవు. అక్కడి వైద్యకళాశాలలలో పెక్కింటికి ఉమ్మడిగా పంపు ‘ఆమ్‌కాస్’ దరఖాస్తులో తన అనుభవములను 15 వరకు పేర్కొనవచ్చును. వానిలో 3 వరకు మిక్కిలి ముఖ్యమైనవిగా ఎన్నుకొని, ఒక్కొక్కదానిని అదనముగా 1,325 అక్షరముల మేర వివరింపవచ్చును. ప్రవేశము నీట్ పరీక్షపై ఆధారపడిన మన దేశమున ఈ చిక్కు లేదు. అక్కడి తెలుగు కుటుంబములకు మాత్రము కలదు.

వేనిని ఎన్నుకొనవలెను? సెలవులకు స్వదేశము వచ్చి, ఆసుపత్రిలో వైద్యుల వెంట తిరిగిన రెండు వారములు కాగితముపై మెరయును. ఆంగ్లమెరుగని అమ్మమ్మను నాలుగేండ్లు వైద్యుని కడకు తోడ్కొనిపోయి, ఆమె బాధను ఆయనకును, ఆయన మాటను ఆమెకును తెలిపిన మనుమరాలు, దానిని ఇంటిపనియని విడిచిపెట్టును. నా మతమున మొదట వ్రాయదగినది అదియే. ఆసుపత్రిలో ఆమె చూపరి మాత్రమే. అమ్మమ్మ ప్రక్కన బాధ్యురాలు. అక్కడ ఒక్క మాట తప్పినచో మందే తప్పును.

అయినను అమ్మమ్మ బాధ మనుమరాలికి యోగ్యతాపత్రము కారాదు. ఆమె కన్నీటిని వర్ణించుట కాదు, ఆ కన్నీటి యెదుట తాను నేర్చినదానిని చెప్పుట ముఖ్యము. ఆ వివేకము దరఖాస్తు వ్రాయునాడే అలవడినచో, రేపటి రోగికి మేలు.