గోధుమపిండి కోసమేనా?

మొన్నీమధ్య ఆఫీసు క్యాంటీన్‌లో జరిగిన సంగతి. ఎనిమిదిమందిమి ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నాం. మాటలు అప్రైజల్స్ నుంచి రాజకీయాలకీ, అక్కణ్ణుంచి మతమార్పిడులకీ వెళ్ళాయి (మన టేబుల్ చర్చలన్నీ చివరికి అక్కడికే చేరతాయనుకోండి). ఒకాయన నవ్వుతూ "అదంతా గోధుమపిండి బ్యాచ్ లెండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా టీంలో ఒక క్రిస్టియన్ కుర్రాడున్నాడు, అతను మాత్రం నవ్వలేదు. టిఫిన్ బాక్స్ మూత పెట్టుకుని "కాల్ ఉంది" అని లేచి వెళ్ళిపోయాడు. కాల్ ఏమీ లేదని నాకు తెలుసు, అతని క్యాలెండర్ నాకు కనిపిస్తుంది.

ఆ రోజునుంచీ అతను తన సీట్లోనే తింటున్నాడు. నాకు మాత్రం నా నవ్వే గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే ఆ టేబుల్ దగ్గర పల్నాడు వాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట ఎంత అబద్ధమో మిగతావాళ్ళకంటే నాకే బాగా తెలియాలి.

మాది గురజాల దగ్గర పల్లెటూరు. నా చిన్నప్పుడు, అంటే 1980ల్లో, మా ఊరి పల్లెలో (మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. పల్లె అంటే ఏమిటో చెప్పక్కర్లేదనుకుంటా) ఒక లూథరన్ ఉపదేశి గారి కుటుంబం ఉండేది. డెల్టా వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. ఆయన ఆదివారం వాక్యం చెప్పేవారు, మిగతా రోజుల్లో బడి. ఆవిడ కూడా టీచరమ్మే. జీతం ఎంతుండేదో తెలియదు గానీ, ఇల్లు మాత్రం పల్లెలో అందరి ఇళ్ళలాంటిదే. పల్లెలో ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యం గుడికి కానుకగా వచ్చేవి. మిరపకాయల కోతకి వెళితేనే పూట గడిచేవాళ్ళు, తమ అన్నంలోంచి గుప్పెడు తీసి ఇచ్చారన్నమాట. గోధుమపిండి పుచ్చుకున్నారని మనం ఎగతాళి చేసేది ఈ మనుషుల్నే.

వాళ్ళబ్బాయి నా క్లాస్‌మేట్. ఒక క్రిస్మస్‌కి వాళ్ళింటికి వెళ్ళాను. ఈతచాప పరిచి పల్లె పిల్లల్నీ నన్నూ వరసగా కూర్చోబెట్టి టీచరమ్మ గారు కోడికూర, అన్నం వడ్డించారు. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. మా నాయనమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి, బావి దగ్గర తలమీద నుంచి నీళ్ళు పోయించి గానీ లోపలికి రానివ్వలేదు. వాడు మా ఇంటికొస్తే మంచినీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. వాడూ ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు.

ఇక చరిత్రలోకి వద్దాం. పల్నాడుకి మిషనరీలు ఎలా వచ్చారు?

ఫాదర్ హయ్యర్ అనే ఆయన 1842 జూలై 31న గుంటూరు చేరాడు. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మనిషి, అమెరికా లూథరన్లు బయటి దేశానికి పంపిన మొదటి మిషనరీ. అప్పటికే భార్య పోయింది, వయసు దాదాపు యాభై. మధ్యలో తిరిగి వెళ్ళి, బాల్టిమోర్‌లో వైద్యం చదివి 1847లో డాక్టర్ పట్టా తీసుకుని మళ్ళీ వచ్చాడు. 1849లో గురజాల వెళ్ళి అక్కడే కాపురం పెట్టాడు. కాలవలు లేవు, రైలు లేదు, ఎండ సంగతి మీకు తెలిసిందే. ఆయనకి తోడుగా 1844లో వచ్చిన వాల్టర్ గన్, లొరీనా గన్ దంపతులు గుంటూరులో పనిచేశారు. గన్ 1851లో గుంటూరులోనే క్షయతో చనిపోయాడు. హయ్యర్ మాత్రం 1857లో వెళ్ళిపోయి, డెబ్భై ఆరేళ్ళ వయసులో 1869లో మళ్ళీ రాజమండ్రి వచ్చాడు. మనం ఆన్‌సైట్‌లో ఏసీ సరిగ్గా లేదని మేనేజర్‌కి మెయిల్ పెట్టే రకం. వాళ్ళ నమ్మకం మనకి నచ్చినా నచ్చకపోయినా, అది నాటకం కాదని ఒప్పుకోవాలి.

"అయినా కరువులో కూడు పెట్టి మార్చారు కదా" అంటారు. దానికీ లెక్క ఉంది. 1876-78 కరువులో ఒంగోలులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. పూర్వాశ్రమంలో సర్వేయర్, అంటే మన జాతే, టెక్నికల్ మనిషి. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో సుమారు మూడు మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళు బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది దొర కూడా కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా. నరసరావుపేట, వినుకొండ మిషన్లు 1880ల్లో ఆ ఒంగోలు నుంచి విడిపడినవే.

కూడు పెట్టిన చెయ్యి మీద కృతజ్ఞత ఉండదా అంటే, ఉంటుంది. కాదనను. కానీ గోధుమల సంగతే అయితే 1950, 60ల్లో పీఎల్-480 కింద వచ్చిన అమెరికా గోధుమలు దేశమంతా తిన్నది. ఆ లెక్కన దేశమంతా మారిపోవాలి కదా?

ఇంకో లెక్క. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు ఎస్సీ కాడు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో సవరణ చేశారు, వీళ్ళకి చెయ్యలేదు. మన రాష్ట్రంలో వీళ్ళు బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. ఎస్సీలకి పదిహేను. లాభం చూసుకునేవాడెవడైనా పదిహేను వదిలి ఒకటి పట్టుకుంటాడా? అందుకే కొందరు కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతుకుతారు. దాన్ని మోసం అనేముందు, ఆ చిక్కుముడి వేసిందెవరో కూడా ఆలోచించాలి.

మరి ఎందుకు వెళ్ళారు? పోయిన క్రిస్మస్‌కి ఊరెళ్ళినప్పుడు టీచరమ్మ గారిని చూడ్డానికి వెళ్ళాను. ఉపదేశి గారు పోయి చాలా ఏళ్ళయింది, ఆవిడ ఆ పల్లెలోనే ఉండిపోయారు. ఇదే మాట మొహమాటపడుతూ అడిగాను. ఆవిడ నవ్వి, "తిండి కోసమైతే బాబూ, తిండి దొరికినాక మానెయ్యాలిగా? ఇన్ని తరాలెందుకు నిలబడతారు? మా ముత్తవ్వ కథగా చెప్పేదంట. దొర ఏమిచ్చాడో ఆమెకి గుర్తులేదు. మా గుడిసెలో చాప మీద కూర్చున్నాడు, మా చేతి నీళ్ళు తాగాడు అని మాత్రం చచ్చేదాకా చెప్పిందంట" అన్నారు.

నాకు చప్పున చాపకూడు గుర్తొచ్చింది. పల్నాటి కథ మనందరికీ తెలుసు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు, మధ్యలో కారెంపూడి యుద్ధభూమి. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాల్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని, మాల కన్నమదాసుని కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడని చెప్పుకుంటాం. కారెంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు పెడతారు. అంటే ఈ ఆలోచన మనకి ఎవడో ఓడెక్కి వచ్చి చెప్పినది కాదు, మన మట్టిలోదే. కానీ దాన్ని మనం తిరనాళ్ళకి పరిమితం చేసి, మిగతా రోజుల్లో చాప చుట్టి అటక మీద పెట్టాం. ఎవరో వచ్చి ఆ చాప పల్లెలో పరిచి కూర్చుంటే, "మా వాళ్ళని ఎత్తుకుపోయారు" అంటున్నాం. మా వాళ్ళే అయితే మా నాయనమ్మ నాకెందుకు నీళ్ళు పోయించింది?

సంఘాల్లో తప్పుల్లేవని కాదు. ఇతరుల దేవుళ్ళని తిట్టే బోధకులున్నారు, స్వస్థత పేరుతో డబ్బు గుంజేవాళ్ళున్నారు. అంతకంటే బాధాకరం, ఒకే ఊళ్ళో మాలలకో గుడి, మాదిగలకో గుడి, స్మశానాలు కూడా వేరు. టీచరమ్మ గారే అన్నారు, "మేమూ చాప చించుకున్నాం బాబూ" అని. నేను క్రిస్టియన్ని కాదు, అయ్యే ఉద్దేశమూ లేదు. ఎవరినీ సమర్థించడానికి రాయట్లేదు. ఒక కుటుంబం పరాయి ఊరొచ్చి, పేదవాళ్ళ మధ్య ఇల్లు కట్టుకుని, వాళ్ళతో కలిసి తింటూ ఏళ్ళకేళ్ళు బతికితే, అక్కడివాళ్ళు వాళ్ళ దేవుడి మాట వినడంలో ఆశ్చర్యం ఏముంది? అలా వెళ్ళి కూర్చోని మనకి, వాళ్ళని వెక్కిరించే హక్కు ఎక్కడిది?

సోమవారం మా టీం కుర్రాడి సీటు దగ్గరికి వెళ్ళాను. "ఆ రోజు నేను నవ్వాను, తప్పు నాది" అన్నాను. "పర్లేదు సార్, అలవాటే" అన్నాడు. ఆ "అలవాటే" అనే మాట నవ్వుకంటే ఎక్కువ గుచ్చుకుంది. అప్పటినుంచీ నేనే నా బాక్స్ పట్టుకుని అతని సీటు దగ్గరికి వెళుతున్నాను. ఇంకా ముభావంగానే ఉంటాడు. నిన్న మాత్రం వాళ్ళమ్మ చేసిన గోంగూర కాస్త నా బాక్స్ మూతలో వేశాడు.