కుంఫిణీ శబ్దమున దాగిన రొట్టె

లాటిను భాషలో రొట్టెకు ‘పానిస్’ అని పేరు. ఈ శబ్దమే పోర్చుగీసువారి నోట అనునాసికమై, గోవా రేవునుండి కొంకణీ, మరాఠీ భాషలలో ‘పావ్’గా నిలిచెను. నేడు మా మండపేట బజారులో సాయంకాలము పెనముపై కాల్చి యిచ్చు పావ్ భాజీలోని పావ్ ఇదియే. జపానీయులు రొట్టెను ‘పన్’ అనుటయు, 16వ శతాబ్దిలో అచటికేగిన పోర్చుగీసుల వలననే.

అయితే కొందరు పండితులు దీనిని పాదశబ్దభవముగా నిర్ణయించి, నాలుగు తునుకలుగా విరుగును గావున ‘పావు’ అయ్యెనని విద్యార్థులకు బోధించుచున్నారు. మరికొందరు చేత మర్దింపబడునది గావున పాణిశబ్దమే పానిస్ అయ్యెననుచున్నారు. వినుట కింపుగానే యున్నది. సత్యము మాత్రము కాదు. నాలుగవ వంతను అర్థముగల పావు పాదశబ్దమునుండి వచ్చిన మాట నిజమే. దానికిని ఈ రొట్టెకును ధ్వనిసామ్యము తప్ప సంబంధము లేదు. యాస్కుని నిరుక్తమును సాక్షిగా పిలుచువారు, ప్రకరణ మెరుగక ఒంటిపదమును నిర్వచింపరాదని ఆ యాస్కుడే నిషేధించుటను మరచుచున్నారు.

సంస్కృతమునకు ఇచట చోటే లేదని నా యభిప్రాయము కాదు. పానిస్ శబ్దమును తులనాత్మక భాషావేత్తలు పోషణార్థకమగు ప్రాచీనధాతువుతో కలుపుదురు. గోప, నృప శబ్దములలోని రక్షణార్థకమగు ‘పా’ ధాతువును ఆ మూలమునకే చేర్చుదురు. అనగా ఇవి జ్ఞాతులు, జన్యజనకములు కావు. ఈ భేదమును చెప్పని ఉపాధ్యాయుడు విద్యార్థికి సగమే చెప్పినవాడు.

ఇంతకంటె రసవత్తరమైన విషయ మొకటి కలదు. మన పూర్వులు పావ్ రుచి చూడక మునుపే పానిస్ శబ్దమును పలికిరి. ‘కుంఫిణీ’ యనగా నేమి? లాటినున ‘కుమ్’ అనగా సహార్థకము. రొట్టెను కూడి తినువాడు ‘కంపానియో’. అట్టివారి కూటమికి పుట్టిన పేరే ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో వర్తకసంఘవాచకమయ్యెను. గోథిక్ భాషలోను సహచరునకు ‘గహ్లైబ’ అని, సహార్థకమును రొట్టెను కలిపిన ఇట్టి కూర్పే కలదు. ఫ్రెంచి కుంఫిణీ 1723లో యానామున దిగెను. ఇంగ్లీషు కుంఫిణీకి ఇంజరమున, బండమూర్లంకలో వర్తకశాలలుండెను. వారు పంచుకొని తిన్న రొట్టె యెవరిదో గోదావరి రైతులకు తెలియును!

ఈ భావమునకు మన యొద్ద శబ్దము లేదా? చమకము నాలుగవ అనువాకమున ‘సగ్ధి’ కలదు. అమరసింహుడును దానిని సహభోజనార్థమున పఠించెను. సహార్థకమగు ‘స’కారము, భక్షణార్థకమగు ఘస్ ధాతువు కలిసి అయిన పదమిది. నిర్మాణము కంపానియో వంటిదే, సంతతి వేరు. పాణిశబ్దమును పీడించుటకు బదులు ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూపిన, భాషాప్రవీణ తరగతిలో ఒక గంట సార్థకమగును.

మన ‘రొట్టె’ సంగతియు చూడుడు. అమరకోశమున పూప, అపూప, పిష్టక శబ్దములున్నవి గాని రోటిక లేదు. 16వ శతాబ్దపు భావప్రకాశమున రోటిక కనబడును. ప్రజల నోటి మాటనే వైద్యగ్రంథకర్త సంస్కృతీకరించెను. అందు ఆయనకు చిన్నతనము తోచలేదు, మనకేల తోచవలెను?