మన చేను గీత మన చేతుల ఉండాలె

పైన వీడియోలో నేను ఫోన్ పట్టుకొని గెట్టు మీద తిరుగుడు చూసి, "పసుపు ఇడిచిపెట్టి సర్వేయర్ పని పట్టినవారా?" అని మా కాక నవ్విండు. ఎందుకు తిరుగుతున్ననో చెప్తా.

పోయిన సీజన్‌ల ఒక కొనుగోలుదారుకు మా సంఘం పసుపు నచ్చింది. కొమ్ము చూసిండు, రంగు చూసిండు. చివరికి, "పదకొండు మంది రైతుల పొలాల కేఎంఎల్ ఫైళ్లు పంపండి" అన్నడు. నేను మ్యాప్ స్క్రీన్‌షాట్లు పంపిన. "ఇవి బొమ్మలు, ఫైళ్లు కావు" అన్నడు. మూడేండ్ల కింద సర్టిఫికెట్ పని మీద వచ్చినోళ్లు ఇవే పొలాలు ట్యాబ్‌తో కొలిచిండ్రు. వాళ్లనడిగితే, "అది మా డేటా, ఇయ్యం" అన్నరు. భూమి మనది, చెమట మనది, గీత మాత్రం వాళ్లదట! మేము మళ్లీ కొలిచేలోపు ఆయన ఇంకోచోట కొనుక్కున్నడు. జీవామృతంతో పండిన మా పసుపు మామూలు ధరకే యార్డుకు పోయింది.

స్క్రీన్‌షాట్‌కు, కేఎంఎల్‌కు తేడా ఏంది? బొమ్మలో కొలత ఉండదు. కేఎంఎల్‌లో చేను ప్రతి మూలకు రేఖాంశం, అక్షాంశం అంకెల్లో ఉంటాయి. 2008 నుంచి అది అంతర్జాతీయ ప్రమాణం. గూగుల్ ఎర్త్‌లో తెరుచుకుంటది, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌లో కూడా తెరుచుకుంటది. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపొచ్చు. చూసేవాళ్లు శాటిలైట్ చిత్రం మీద పెట్టి, పక్క చేను ఎంత దగ్గర ఉన్నదో, మధ్యల బఫర్ ఎంత వదిలినమో కొలుచుకుంటరు.

మా తప్పులు కూడా చెప్పాలె. ఆర్మూర్ దగ్గర అక్షాంశం సుమారు 18.8, రేఖాంశం 78.3. కేఎంఎల్‌లో రేఖాంశం ముందు రాయాలె. మేము తిప్పి రాస్తే, సిద్ధుల గుట్ట దగ్గర కనబడాల్సిన చేను నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో తేలింది! చుక్క తర్వాత రెండంకెలే రాస్తే కిలోమీటరు దాకా తేడా వస్తది. ఐదంకెలు రాస్తే మీటరు దాకా చెప్పొచ్చు. అయినా ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ పోతది. అందుకే సన్న మడికి ఒక్కసారి తిరిగితే చాలదు. తిరిగినంక శాటిలైట్ చిత్రం మీద గెట్టుతోని సరిచూసుకోవాలె.

"మ్యాప్ బయటపెడితే భూమికి ముప్పు కాదా?" అని కొందరు పెద్దమనుషుల భయం. ఆ భయం తీసిపారేసేది కాదు. అయితే ఫోన్ గీత పట్టా కాదు, గెట్టు పంచాయితీలో అది చెల్లదు. దానికి టిప్పన్, నక్ష, సర్వేయర్ ఉన్నరు. కానీ ఎవరికి, దేనికి ఇస్తున్నమో అడగకుండా ఇయ్యొద్దు. వందల మంది ఉన్న గ్రూపుల్లో అస్సలు పెట్టొద్దు. పాస్‌బుక్ ఫొటో, ఆధార్ దానికి జత చేయొద్దు.

ఇంకో మాట. మ్యాప్ చేను ఎక్కడున్నదో చెప్తది, చేనుల ఏం పోసినమో చెప్పదు. దానికి మన రోజువారీ రాతపుస్తకమే సాక్ష్యం.

2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగ్ నిబంధనలు సడలించింది. సున్నితమైన కొన్ని విషయాలు తప్ప, మ్యాప్ డేటా తయారీకి, పంచుకోవడానికి మన దేశపోళ్లకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఆ స్వేచ్ఛ కంపెనీలకేనా, రైతుకు వద్దా? నేను అడిగేది ఒక్కటే: చేను ఎవరు కొలిచినా, గెట్టు దిగకముందే ఫైల్ రైతు ఫోన్‌కు రావాలె. 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైన జాతీయ పసుపు బోర్డు ఈ ఒక్క నియమం పెట్టిస్తే, మా అసొంటి చిన్న సంఘాలకు పెద్ద మేలు.

అప్పటిదాకా ఆగకండి. వీడియో చూసి, ఈ ఆదివారం మీ గెట్టు మీద ఒక్క చుట్టు తిరగండి. ఫైల్‌కు సర్వే నంబర్ పేరు పెట్టి, ఒక కాపీ ఇంట్ల పిల్లల ఫోన్‌ల కూడా దాచండి.