పాత స్పోర్ట్స్ కారులో నిత్యప్రయాణం: కొనే ముందు మీ దేహాన్ని కూడా అడగండి

విలాసవంతమైన స్పోర్ట్స్ కార్లు నేడు మన నగరాలలో అపురూప వస్తువులు కావు. కొత్తగా ఉన్నప్పుడు అందుబాటులో లేని పోర్షా, బి.ఎం.డబ్ల్యు. జడ్4, మెర్సిడెస్ ఎస్.ఎల్.కె. వంటి బండ్లు కొన్ని సంవత్సరాలు గడిచాక పెద్ద కుటుంబ కారు ధరకే లభిస్తున్నాయి. ఉద్యోగంలో స్థిరపడి, పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చి, యాభై ఏళ్ళకు చేరువవుతున్న వారికి అటువంటి బండిపై మనసు పోవడం సహజం. ఆ కోరికను నేను ఆక్షేపించను. ఆదివారం ఉదయం బాహ్యవలయ రహదారిపై ఒక గంట నడుపుకొని వచ్చి గ్యారేజీలో పెట్టేవారికి ఈ వ్యాసంతో పెద్దగా పని లేదు. ప్రతిదినం ఆ బండిలోనే కార్యాలయానికి వెళ్ళి రావాలని సంకల్పించినవారు మాత్రం కొన్ని విషయాలను వైద్యదృష్టితో ఆలోచించవలసి ఉంటుంది.

నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. పాత స్పోర్ట్స్ కారు ప్రమాదకరమైనది దాని వేగం వలన మాత్రమే కాదు. బండి ధర తగ్గుతుంది గాని విడిభాగాల ధర తగ్గదు. పది లక్షల కారుకు, కోటి రూపాయల కారుకు టైర్ల ధర ఒకటి కాదు. ఆ కోటి రూపాయల కారును మీరు పాతికకో ముప్పైకో కొన్నా, టైర్ల దుకాణంవాడు మీకు రాయితీ ఇవ్వడు. కనుక యజమాని వాయిదా వేస్తాడు. వాయిదా పడేవి సాధారణంగా టైర్లు, బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు. అంటే మీ ప్రాణం ఆధారపడి ఉన్నవే.

టైర్లతోనే మొదలుపెడదాం. అమ్మేవారు గర్వంగా చెప్పే మాట ‘పదేళ్ళలో పాతికవేల కిలోమీటర్లే తిరిగింది’ అని. వినడానికి ఇంపుగా ఉంటుంది. కాని తిరగని బండి టైరు అరగదు, ముసలిదవుతుంది. గాళ్ళు లోతుగా, కొత్తవాటివలె కనిపిస్తాయి. లోపల రబ్బరు గట్టిపడి, పగుళ్ళు వారి ఉంటుంది. మన ఎండలు ఆ వార్ధక్యాన్ని త్వరితం చేస్తాయి. టైరు పక్కభాగంలో నాలుగు అంకెలు ముద్రించి ఉంటాయి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. టైర్లకు పది సంవత్సరాలు దాటనీయరాదని తయారీదారులే చెబుతారు; మన వాతావరణంలో నేనైతే ఆరేడు సంవత్సరాలకే మార్చమంటాను. బ్రేకు ద్రవం కూడా అటువంటిదే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగిన వేళ పెడల్ నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది.

ఇక ఎయిర్‌బ్యాగులు. జపానుకు చెందిన తకాటా సంస్థ తయారుచేసిన ఎయిర్‌బ్యాగులలో అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనాన్ని వాడేవారు. సంవత్సరాల తరబడి వేడికి, తేమకు గురైతే అది స్వభావం మారి, ప్రమాద సమయంలో అతివేగంగా మండి, దాని లోహపు డబ్బాను బద్దలుకొట్టేది. రక్షించవలసిన సంచి నుండి లోహపు ముక్కలు మెడకు, ముఖానికి తగిలి కొన్ని దేశాలలో మరణాలు సంభవించాయి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు పది కోట్ల పరికరాలను వెనక్కు పిలిపించారు. ఆ జాబితాలో బి.ఎం.డబ్ల్యు., మెర్సిడెస్, ఆడి, ఫెరారీ బండ్లు కూడా ఉన్నాయి. వేడి, తేమ, వయస్సు: ఈ మూడూ కలిసే చోటు విశాఖపట్టణమో, కాకినాడో, నెల్లూరో అయితే జాగ్రత్త మరింత అవసరం. బండిపై ఉండే 17 అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్యను ఆ కంపెనీ అధీకృత కేంద్రంలో చూపి, మార్పిడి జరిగినదా లేదా అని అడిగి, కాగితంపై వ్రాయించుకొనండి.

వరదలో మునిగిన కార్ల సంగతి కూడా మరువరాదు. 2015 డిసెంబరులో చెన్నైలోను, 2020 అక్టోబరులో హైదరాబాదులోను ఎన్నో కార్లు నీట మునిగాయి. ఎత్తు తక్కువైన బండికి నీరు త్వరగా చేరుతుంది. సీట్ల క్రింద ఉండే తీగలు, ఎయిర్‌బ్యాగు సంబంధిత పరికరాలు తుప్పుపట్టి, అవసరమైన క్షణంలో పనిచేయకపోవచ్చు. తివాచీల అడుగున పెరిగిన బూజు ఉబ్బసం ఉన్నవారికి నిత్యశత్రువు. ఏ.సీ. వేసిన వెంటనే ముక్క వాసన వస్తే, దానిని సుగంధద్రవ్యంతో కప్పిపుచ్చిన అనుమానం కలిగితే, మాట్లాడకుండా వెనుదిరగండి.

ఇప్పుడు నా శాఖకు దగ్గరైన విషయం, వెన్ను. స్పోర్ట్స్ సీటు స్వతహాగా చెడ్డది కాదని ముందుగా చెప్పాలి. వీపు వెనక్కు వాలి, నడుముకు ఆనిక ఉంటే డిస్కులపై ఒత్తిడి తగ్గుతుంది. ముందుకు వంగి కూర్చుంటే పెరుగుతుంది. స్వీడన్ దేశపు ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ జీవించి ఉన్న మనుష్యుల డిస్కులలోకి సూదిని పంపి ఈ ఒత్తిడులను కొలిచారు. ఆ సీటులో కొన్ని మన ఇంటి సోఫాల కంటె మేలు. చిక్కు రెండు చోట్ల ఉంది.

మొదటిది అదురు. కూర్చున్న మనిషి వెన్నెముక సెకనుకు 4 నుండి 6 సార్లు కలిగే నిలువు కదలికలకు ఎక్కువగా స్పందిస్తుంది. మెత్తని సస్పెన్షన్, మందమైన టైర్లు గుంత తాకిడిని తమలో ఇముడ్చుకుంటాయి. బిగువైన సస్పెన్షన్, పలుచని టైర్లు దానిని మీ నడుముకు అప్పగిస్తాయి. షాక్ అబ్జార్బర్లు అరిగిన పాత బండిలో ఆ బిగువు కాస్తా కుదుపుగా మారుతుంది. మన రహదారుల ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. కాలనీవాసులు తామే సిమెంటుతో పోసుకొన్న దిమ్మెలు ఏ ప్రమాణానికి లొంగుతాయి? నేలకు పది పన్నెండు సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న బండిని వాటిపై ఏటవాలుగా, ఒక్కొక్క చక్రాన్ని ఎక్కించి దించవలసి వస్తుంది. రోజుకు ఇరవై సార్లు.

రెండవది ఎక్కి దిగడం. మోకాళ్ళు తుంటికంటె ఎత్తులో ఉండే ఆ సీటు నుండి లేవాలంటే నడుము వంచి, అదే సమయంలో మెలితిప్పాలి. డిస్కుకు ఇంతకంటె ఇష్టం లేని కదలిక మరొకటి లేదు. నా వద్దకు కాలిలోకి జాలువారే నొప్పితో వచ్చిన ఒక మధ్యవయస్కుడు బరువు ఎత్తలేదని, పడలేదని ప్రమాణం చేసి చెప్పాడు. ఏ పని చేసినప్పుడు నొప్పి పెరుగుతుందని తరచి అడిగితే, కార్యాలయం ముందు కారు దిగేటప్పుడని అన్నాడు. మూడు నెలల క్రితం కొన్న కారు. మందుల కంటె ఆయనకు మేలు చేసినది బావమరిది వద్ద నుండి తెచ్చుకొన్న ఎత్తైన పాత బండి. ఆ స్పోర్ట్స్ కారు సెలవు దినాలకు మిగిలింది. తుంటికీలు మార్పిడి చేయించుకొన్నవారు శస్త్రవైద్యుని అనుమతి లేకుండా అటువంటి సీటులో కూర్చోరాదు. మొదటి వారాలలో ఆ భంగిమలో కీలు జారే ప్రమాదం ఉంది.

యాభై దాటినవారికి కన్ను కూడా ముఖ్యమే. క్రిందుగా కూర్చున్నవారి కంటికి ఎదురుగా వచ్చే ఎత్తైన బండ్ల దీపాలు సూటిగా తగులుతాయి. శుక్లం మొదలైన కంటిలో ఆ వెలుగు చెదిరి, రోడ్డు దాటే మనిషి కొన్ని క్షణాలు కనిపించకుండా పోతాడు. శక్తివంతమైన బండిలో ఆ క్షణాల విలువ ఎక్కువ. వేగం గంటకు 50 నుండి 65 కిలోమీటర్లకు పెరిగితే, కారు ముందుభాగం తగిలిన పాదచారి మరణించే ప్రమాదం 4.5 రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

సైలెన్సర్ మార్పించి గర్జించేటట్లు చేసిన బండ్లను నేను అసలే సిఫారసు చేయను. శబ్దం ఒక కారణం. అంతకంటె పెద్దది, సరిగా అతకని గొట్టాల నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. కారులో ఉన్నంతసేపు తలనొప్పి, వికారం, మత్తు ఉండి, దిగి గాలిలో నడిస్తే తగ్గుతూ ఉంటే గ్యాస్ అని, పైత్యమని సరిపెట్టుకొనక బండిని ఆపి పరీక్ష చేయించండి.

ఇంత విన్న తరువాత కూడా కొనదలిస్తే, కొనండి. ఆటోమేటిక్ గేర్లు ఉన్నది, మార్పులు చేయనిది, పందెపుబండిలా బిగించినది కాక దూరప్రయాణానికి తీర్చినది చూడండి. టైర్లకు, బ్రేకులకు అయ్యే డబ్బును కొనుగోలు ధరలోనే కలుపుకొని లెక్కవేయండి. వెనుక కూర్చోబెట్టే స్థలం లేని బండిలో పసిపిల్లను ముందు సీటులో వెనుకవైపు తిరిగి ఉండే శిశుపీఠంలో ఉంచవలసి వస్తే, ఆ వైపు ఎయిర్‌బ్యాగును ఆపివేసే వీలు తప్పక ఉండాలి. లేకుంటే బిడ్డను అందులో ఎక్కించరాదు.

బేరానికి ముందు పదిసార్లు ఎక్కి దిగి చూడండి. తరువాత మీరు నిత్యం వెళ్ళే దారిలో, నిత్యం వెళ్ళే వేళలో ముప్పావు గంట నడపండి. ఆ రోజు సంతకం చేయకండి. మరునాటి ఉదయం మంచం దిగేటప్పుడు నడుము ఎలా ఉన్నదో చూసుకొని అప్పుడు నిర్ణయించండి. ముప్పావు గంట నడపనివ్వనని అమ్మేవారు అంటే, నగరంలో అమ్మకానికి వేరే బండ్లు ఉన్నాయి.